పడమటి గదిలో దగ్గు

"నేను వెళ్తేనే దగ్గుతుందండీ," అంది చిన్నకోడలు. "అక్క వెళ్తే దగ్గదు. బావగారు వెళ్ళినా దగ్గదు. పోయినావిడ నా కోసమే దగ్గుతుంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. మేడ మెట్ల దగ్గర నిలబడి పైన మూసి ఉన్న తలుపు వైపే చూస్తోంది. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. వారం రోజులుగా నిద్ర లేక మొహం పీక్కుపోయింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి చెవి రిక్కిస్తోంది. నాకు దెయ్యాలంటే నమ్మకం లేదు. అయినా ఆమె ఆగినప్పుడల్లా నేనూ ఆగి విన్నాను.

ఆ పై గదిలోనే వారం కిందట వాళ్ళ అత్తగారు పోయారు. రెండేళ్ళుగా మంచం దిగని మనిషి, పైగా ఊపిరితిత్తులు అంతంతమాత్రం. ఆ సాయంత్రం చిన్నకోడలు గదిలో ఏసీని పదహారు మీద పెట్టి, బయట గడియ వేసి కిందికి దిగింది. పొద్దున్నే తలుపు తీస్తే ప్రాణం లేదు. చలికి గడ్డకట్టించి అత్తగారిని చంపిందని ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు. ఈ సాయంత్రం వచ్చి పట్టుకుపోతానని కబురు కూడా పెట్టాడు. ఆమె మొగుడు ఓడ మీద ఉద్యోగి, ఒడ్డు చేరడానికి ఇంకా చాలా రోజులు పడుతుంది. డిటెక్టివ్‌నని నన్ను పిలిపించింది ఆమె తోడికోడలు, ఈ ఇంటి పెద్దకోడలు.

"ఆ రోజు పదహారు ఎందుకు పెట్టావు?" అని అడిగాను.

"కోపంతో."

పక్కనే ఉన్న పెద్దకోడలు ఉలిక్కిపడింది. "అలా అనకే! నిన్ను ఇరికించేది ఆ మాటే."

"నిజమే కదక్కా. పొద్దుట్నుంచీ ఒకటే పోరు. ఉక్క, ఉక్క, ఉడికిపోతున్నానే అని. ఏసీ తిరుగుతూనే ఉంది. చాదస్తం అనుకున్నాను. ఎదురు మాట అన్నాను. మధ్యాహ్నం ఏసీ ఆపేసి వచ్చేశాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళి, ఇంద, చల్లబడండి అని ఏసీ వేసి పదహారుకి దింపాను." ఆమె చూపు మళ్ళీ పై తలుపు మీదికి పోయింది. "ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. పలకలేదు. అలిగారనుకున్నాను. ఆరిన బట్టలు ఎక్కడివక్కడ పడి ఉంటే మడతలు పెట్టాను. బయటికొచ్చి గడియ వేస్తుంటే దగ్గారు. ఒక్కసారి లోపలికెళ్ళి దుప్పటి కప్పి ఉంటే ఏం పోయేదండీ? దగ్గు విని కూడా వెళ్ళిపోయాను. అందుకే ఇప్పుడు రోజూ వినిపిస్తున్నారు."

"గడియ బయట ఎందుకు వేశావు?"

"ఆ తలుపు నిలవదండీ. గాలికి తెరుచుకుని చల్లదనమంతా పోతుందని ఎప్పుడూ వేస్తాం. ఇంట్లో అందరం వేస్తాం."

"రోజూ వినిపిస్తోందన్నావు. అంటే రోజూ వెళ్తున్నావా?"

తల వంచుకుంది. జవాబు పెద్దకోడలు చెప్పింది. "వెళ్తుంది మేడమ్. వద్దంటే వినదు. సాయంత్రం అయ్యేసరికి పైకెళ్ళి, ఏసీ వేసి, ఆ ఖాళీ మంచం పక్కన కూర్చుంటుంది. ఏడుస్తూ దిగుతుంది. రెండు ముద్దలు తిని వారమైంది. కేసు సంగతి తర్వాత, ముందు ఈ పిల్ల నాకు దక్కేలా లేదు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు పెద్దకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఈవిడ నచ్చింది. తోడికోడలి కోసం నగ అమ్మి డిటెక్టివ్‌ని పెట్టుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

గది తలుపు తీయగానే వేడి గాలి మొహాన కొట్టింది. పై అంతస్తు, నెత్తిన నేరుగా ఎండ పడే కప్పు, పడమటి గోడ నిండా అద్దాల కిటికీ. పొద్దు వాలుతూ ఉండటంతో ఎండ మంచం దాకా పాకింది. మంచం మీద పక్కబట్టలు తీసేశారు. పరుపు మధ్యలో రెండేళ్ళుగా ఒకే మనిషి పడుకున్న గుంట అలాగే ఉంది. పక్క బల్ల మీద కళ్ళజోడు, మూత పెట్టిన మరచెంబు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది. గది మూలన స్నానాలగది తలుపు, పై భాగంలో గాలి ఆడటానికి చెక్క రెక్కలు. పడక పైన గోడకి ఏసీ.

నేను డిటెక్టివ్ కాకముందు ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయర్‌గా చేశాను. కాలిపోయిన ఏసీలు, ఫ్రిజ్‌లు విప్పి చూసి, దానంతటదే కాలిందా, యజమాని కాల్చాడా అని తేల్చడమే అప్పటి నా పని. మనుషులు నా ముందు చాలా అబద్ధాలు చెప్పారు, యంత్రాలు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఏసీని పదహారు మీద పెట్టి, నా సంచిలోంచి థర్మామీటర్ తీసి సరిగ్గా తలగడ ఉండే చోట పెట్టాను.

కుర్చీ ఎక్కి ఏసీ ముందు మూత ఎత్తాను. దుమ్ము పట్టే జాలీలు రెండూ శుభ్రంగా ఉన్నాయి.

"వీటిని కడుగుతూనే ఉంటారా?"

"మా ఆయన కడిగిస్తారు," అంది పెద్దకోడలు. "ఎండలు మొదలయ్యే ముందు మెకానిక్‌ని దగ్గరుండి పిలుచుకొస్తారు. వెనక ఇనప మెట్ల మీదుగా పైకి తెచ్చి, బయట పెట్టె కూడా నీళ్ళు కొట్టి కడిగిస్తారు. పోయిన నెలే అయింది."

లోపలి రాగి గొట్టాల చుట్టకి మురికి లేదు, ఎక్కడా మంచు పట్టలేదు. గ్యాస్ తగ్గితే మంచు పడుతుంది. బయటికొచ్చే గాలి దగ్గర చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది. యంత్రానికి ఏ రోగమూ లేదు. మూత లోపల అంటించిన సామర్థ్యం చీటీ చదివి కుర్చీ దిగాను. ఒక టన్ను.

తర్వాత నేల చూశాను. గది సరిగ్గా మధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, పలకల మీద ఒక సన్నటి గీత. దాని వెంబడి మేకులు పీకేసిన గుంటలు.

"ఇక్కడ ఏముండేది?"

"చెక్క గోడ," అంది చిన్నకోడలు. "ముందు ఇది రెండు గదులండీ. కిటికీ కావాలని అత్తయ్య గొడవ చేస్తే ఆ గోడ తీయించేశారు."

"ఏసీ ఎప్పుడు కొన్నారు?"

"గోడ ఉన్నప్పుడే."

నాకు కావలసింది దొరికింది. కానీ చెప్పేలోపే మెట్ల మీద బూట్ల చప్పుడు. చిన్నకోడలు వెళ్ళి పెద్దకోడలి వెనక నిలబడింది.

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. శాఖలో ఆయన్ని చాటుగా 'ముగింపు' అంటారు. ఏ కేసైనా వారం తిరిగేలోగా ముగించేస్తాడని పేరు. సరిగ్గా ముగిస్తాడా లేదా అన్నది ఎవరూ అడగరు. ఇదివరకు రెండు కేసుల్లో నేను అడిగాను. అందుకే నన్ను చూస్తే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"ఓహో, ఫ్రిజ్ డాక్టరుగారు! రోగి ఎలా ఉంది?" అన్నాడు ఏసీ వైపు గడ్డం ఎత్తి.

"నిక్షేపంగా ఉంది. మీ కేసే మంచం పట్టింది."

"నా కేసు గుండ్రాయిలా ఉంది మేడమ్. నేను వచ్చేసరికి గదిలో పదహారు డిగ్రీలు. పంచనామాలో నా చేత్తో రాశాను. ఆ వయసులో, ఆ ఊపిరితిత్తులతో, రాత్రంతా పదహారు డిగ్రీల్లో ఉంటే ఏమవుతుందో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఈవిడ పెట్టానని ఒప్పుకుంది. గడియ వేశానని ఒప్పుకుంది. ఇంకేం కావాలి?"

"పదహారు అని ఎక్కడ చూశారు?"

"అదేం ప్రశ్న? రిమోట్ మీద."

నేను నవ్వలేదు. నవ్వాలని చాలా ఉంది, కానీ నా పక్కన ఒక ఆడపిల్ల వణుకుతోంది. "ఇన్‌స్పెక్టర్‌గారూ, హోటల్‌కెళ్ళి బల్ల ముందు కూర్చుని నాలుగు రకాలు అడిగితే కడుపు నిండిపోతుందా? రిమోట్ మీద కనిపించేది మనం అడిగింది. గదిలో ఉన్నది అది కాదు. ఇదిగో, ఇప్పుడు కూడా రిమోట్ పదహారే అంటోంది. తలగడ దగ్గర థర్మామీటర్ చూడండి."

ఆయన వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. ముప్ఫై దగ్గర ఉంది ముల్లు.

"ఇంకా చల్లబడలేదు. ఇప్పుడే వేసి ఉంటారు."

"వేసి చాలాసేపైంది. కావాలంటే పొద్దుటిదాకా కూర్చుందాం, చీకటి పడ్డాక మహా అయితే ఇరవై ఏడుకి దిగుతుంది. అంతకన్నా దిగదు. ఒక టన్ను ఏసీ నూట ఇరవై చదరపు అడుగుల గదికి చాలు. ఎండ పడే కప్పు, పడమటి గోడ, ఇంత అద్దం ఉంటే అంతకీ చాలదు. చెక్క గోడ ఉన్నంత కాలం సగం గదికి లెక్కగానే ఉండేది. గోడ తీసేశారు, గది రెట్టింపైంది, ఏసీని మాత్రం మార్చలేదు. పాపం అది రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతుంది. ఎవరినీ చల్లబరచలేదు. చంపడం మాట దేవుడెరుగు."

"ఇప్పుడు పాడై ఉండొచ్చు. ఆ రోజు బాగా పనిచేసి ఉండొచ్చు."

"జాలీ శుభ్రం, గ్యాస్ నిండుగా ఉంది, గాలి చల్లగా వస్తోంది. బాగున్న ఏసీ ఇది. చిన్న ఏసీ. రెండిటికీ తేడా ఉంది."

వెనక నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. చిన్నకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అంటే అత్తయ్యకి నిజంగానే ఉక్క పోసిందా?" అంది. "చాదస్తం కాదా?"

ఏం చెప్పను? నేరం నుంచి బయటపడేసే మాటే ఆమె గుండెలో ఇంకో ముల్లు గుచ్చింది. "కాదమ్మా," అన్నాను. "ఆవిడ ఉన్నదే చెప్పారు. మీకెవరికీ తెలియలేదు, అంతే. ఏసీ ఉన్న గదిలో ఉక్క అంటే ఎవరు నమ్ముతారు?"

'ముగింపు' ఊరుకునే రకం కాదు. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి తొక్కుతాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సరే. చలి కాదు. మీ మాటే నిజం. మరి ఎలా పోయింది? కింది వీధి డాక్టరు పొద్దున్నే వచ్చి చూశాడు. అప్పటికే కాలి వేళ్ళ దాకా కట్టెలా బిగుసుకుపోయిందన్నాడు. అంటే పోయింది ముందు రోజు సాయంత్రమే. ఊపిరాడక పోయిందని పోస్ట్‌మార్టం. చలి కాకపోతే తలగడ. అప్పుడు గదిలోకి వచ్చిందెవరు? ఈవిడ. ఈవిడ వచ్చినప్పుడు ముసలావిడ బతికే ఉంది, దగ్గింది. ఆ మాట ఈవిడ నోటితోనే చెప్పింది. ఈవిడ తర్వాత తెల్లారేదాకా ఎవరూ రాలేదు. మేడమ్, మీరు ఈ అమ్మాయిని చలి నుంచి లాగి ఉరికొయ్య దగ్గరికి తెచ్చారు. థాంక్స్."

ఈ మాట నిజం. ఒప్పుకోవడానికి ఇష్టం లేకపోయినా నిజం. మిగిలిందల్లా ఆ దగ్గు. దగ్గింది కాబట్టి బతికుంది, బతికుంది కాబట్టి ఈ పిల్లే చంపింది. ఇక దాన్ని పట్టుకోవాలి.

"అమ్మాయ్," అన్నాను, "రోజూ సాయంత్రం వచ్చి ఏమేం చేస్తావో ఇప్పుడు అలాగే చెయ్యి. ఒక్కటి కూడా వదలకు. మేం మాట్లాడం."

ఆమె మొహం తెల్లబడింది. "ఇప్పుడు వద్దండీ. వస్తారావిడ."

"రానీ. మేమున్నాంగా."

పెద్దకోడలు ఆమె భుజం తట్టి ముందుకు పంపింది. చిన్నకోడలు ఏసీ ఆపి మళ్ళీ వేసింది. కిటికీలన్నీ గట్టిగా మూసింది. గది గుమ్మం తలుపు దగ్గరగా లాగింది. స్నానాలగదిలోకి వెళ్ళి లైటు వేసి, ఆ తలుపు వేసి వచ్చింది. మంచం పక్కన కింద కూర్చుని పరుపు మీద చెయ్యి పెట్టింది.

"లైటు ఎందుకు?" అని గుసగుసగా అడిగాను.

"భయానికండీ. పొద్దు గుంకాక ఆ రెక్కల్లోంచి కాస్త వెలుగు కనిపిస్తుంటే ధైర్యంగా ఉంటుంది."

నలుగురం కదలకుండా ఉన్నాం. ఏసీ హోరు తప్ప ఏమీ లేదు. ఎండ పరుపు మీది గుంటలోకి పాకింది. ఖాళీ గుంటే అయినా నాకు దాని వైపు చూడబుద్ధి కాలేదు.

అప్పుడు దగ్గింది.

తడి గొంతుతో, కఫం అడ్డం పడ్డట్టు, రెండుసార్లు. కాసేపు ఆగి ఇంకోసారి, దీర్ఘంగా. అది మంచం తలవైపు నుంచి వచ్చింది. నా ఒళ్ళంతా జలదరించింది. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకున్నాడు, చెయ్యి నడుము దగ్గరి తుపాకీ మీదికి పోయింది. దెయ్యాన్ని కాలుద్దామనుకున్నాడో ఏమో! పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. చిన్నకోడలు మాత్రం పరుపు మీద తల ఆనించి, "క్షమించండత్తయ్యా, క్షమించండి," అంటూ ఉండిపోయింది. ఆమె వారంగా ఏం పడిందో నాకు అప్పుడు అర్థమైంది.

లేచి వెళ్ళి స్నానాలగది తలుపు తీశాను. కిటికీ లేని గది, వెనక మూసి ఉన్న ఇంకో తలుపు. లోపలి గోడకి పాతకాలపు స్విచ్. పైన గాలిని బయటికి లాగేసే ఫ్యాను తిరుగుతోంది. దానికి వేరే స్విచ్ లేదు, లైటుతో పాటే మొదలవుతుంది. స్విచ్ ఆపాను. టక్కుమని గట్టిగా చప్పుడైంది. లైటు ఆరింది, ఫ్యాను ఆగింది.

దగ్గు ఆగిపోయింది.

మళ్ళీ వేశాను. కాసేపటికి మళ్ళీ దగ్గు. ఆపాను. నిశ్శబ్దం. మూడోసారి వేసేసరికి ఇన్‌స్పెక్టరు చెయ్యి తుపాకీ మీద నుంచి తీశాడు.

"ఏమిటిది?" అన్నాడు.

"నీళ్ళ గొట్టం. ఏసీ గాలిలోంచి పిండిన నీళ్ళు లోపల ఒక తొట్టిలో చేరి, గొట్టం గుండా బయటికి పోవాలి. కిటికీలూ తలుపులూ మూసేసి, ఈ ఫ్యాను గదిలోని గాలిని బయటికి లాగేస్తుంటే, గదికి గాలి ఎక్కడి నుంచి రావాలి? ఇంకెక్కడా సందు లేదు. ఆ గొట్టంలోంచే ఎదురు వస్తుంది. పోయే నీళ్ళు, వచ్చే గాలి కొట్టుకుని గుడగుడమంటాయి. ఇలా గొట్టం వంపు తిరిగి ఉంటే అచ్చం మనిషి దగ్గినట్టే ఉంటుంది." చిన్నకోడలి దగ్గర కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. "విన్నావా? మీ అక్క వస్తే దగ్గదు, ఎందుకంటే ఆవిడ ఈ లైటు వెయ్యదు. నువ్వు వేస్తావు. ఆవిడ నీ మీద కోపంతో దగ్గడం లేదమ్మా. అసలు ఆవిడ దగ్గడమే లేదు."

ఆమె నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దకోడలు దగ్గరికి లాక్కుంది. నా కళ్ళు కూడా తడిశాయని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

"బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు మళ్ళీ కూర్చుంటూ. "చాలా బాగుంది. అంటే ఆ సాయంత్రం ముసలావిడ దగ్గలేదు. ఈవిడ వచ్చేసరికే పోయి ఉండొచ్చు. అయితే..."

అక్కడ ఆగిపోయాడు. ఎంత తొందరపాటు మనిషైనా పోలీసు పోలీసే. నేను అడగబోయేది ఆయనకే తట్టింది. మెల్లగా స్నానాలగది వైపు తిరిగాడు.

"ఆ సాయంత్రం దగ్గింది గొట్టమే అయితే, ఆ లైటు ఎవరు వేశారు?"

ఆయన చూపు మా ముగ్గురి మీదుగా తిరిగింది.

"నువ్వు వేశావా?" అని చిన్నకోడలిని అడిగాను.

"లేదండీ. ఆ రోజు అటు వెళ్ళనేలేదు. ఎండ వెలుగు గదంతా ఉంది, నాకేం భయం అప్పుడు?"

"పనిమనిషి వేసి మర్చిపోయిందేమో," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పనిమనిషి మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. అది మర్చిపోయి ఉంటే పొద్దుటిదాకా వెలుగుతూనే ఉండాలి," అన్నాను. చిన్నకోడలి వైపు తిరిగాను. " తెల్లారి మీ అత్తగారిని చూశాక నీళ్ళ కోసం ఆ గదిలోకి వెళ్ళింది ఎవరు, నువ్వేనా? అప్పుడు లైటు వెలుగుతోందా?"

"లేదు." ఆమె స్నానాలగది వైపు చూసింది. "చీకటిగా ఉంది. తడుముకుని నేనే వేశాను."

"అంటే నువ్వు బట్టలు మడత పెడుతున్నంతసేపూ ఆ తలుపు వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పని ముగించి వెళ్ళిపోబోతుంటే నువ్వు వచ్చావు. లైటు ఆపుదామంటే ఆ స్విచ్ టక్కుమంటుంది. ఆపలేక, కదలలేక, ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు. ఎండ ఉంది కాబట్టి రెక్కల్లోంచి బల్బు వెలుగు నీకు కనపడలేదు. నువ్వు వస్తూనే ఏసీ వేశావు, ఫ్యాను చప్పుడు ఆ హోరులో కలిసిపోయింది. నువ్వు గడియ వేసి దిగాక, వాడు లైటు ఆపి వెళ్ళిపోయాడు."

చిన్నకోడలు రెండు చేతులతో తన ఒళ్ళు తనే గట్టిగా పట్టుకుంది. దెయ్యం పోయింది, దాని చోట మనిషి వచ్చాడు. దెయ్యమే నయమనిపించి ఉంటుంది.

"ఎలా వెళ్తాడు?" ఇన్‌స్పెక్టరు లేచి స్నానాలగదిలోకి వెళ్ళాడు. లోపలి నుంచే అరిచాడు. "ఇక్కడ వెనక తలుపు ఉంది. ఆ రోజే చూశాను. అవతల ఇనప మెట్లు. కానీ దీనికి బయట తాళం. లోపలికి ఎవడూ రాలేడు."

"తాళంచెవి లేనివాడు రాలేడు," అన్నాను.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మెకానిక్‌ని వెనక మెట్ల మీదుగా తెచ్చేది ఎవరో ఇందాక నాకు చెప్పింది పెద్దకోడలే. ఆమె వైపు చూడటానికి నాకు మనసు రాలేదు. ఇన్‌స్పెక్టరు చూశాడు.

"అమ్మా, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"మా ఆయన దగ్గర." గొంతులో తొణుకూ బెణుకూ లేదు. "ఒకటే చెవి. ఇంకోటి లేదు."

"ఇల్లు అమ్మేద్దామని మీవారు, నేనుండగా ఈ గది వదలనని మీ అత్తగారు, గొడవ పడేవాళ్ళని పక్కింటివాళ్ళు చెప్పారు. నేను పట్టించుకోలేదు. ఎందుకంటే ఆ సాయంత్రమంతా ఆయన మీ ఎదురుగా హాల్లో టీవీ చూస్తూ కూర్చున్నారని మీరు నాకు చెప్పారు."

"చెప్పాను."

చిన్నకోడలు మెల్లగా తల ఎత్తి తోడికోడలి మొహంలోకి చూసింది. "వద్దక్కా," అంది. ఆ మాట ఎందుకందో ఆమెకే తెలియదనుకుంటాను.

పెద్దకోడలు ఆమె జుట్టు సవరించింది.

"ఆయన హాల్లో లేరు. దీపాలు పెట్టే వేళకి వచ్చారు. స్నేహితుడితో కూర్చుని తాగాను, పోలీసులకి తెలిస్తే పరువు పోతుంది, ఇంట్లోనే ఉన్నానని చెప్పు అన్నారు. చెప్పాను." చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. "ఆయన దగ్గర తాగిన వాసన రాలేదు. ఆ సంగతి ఆ రోజే తెలుసు నాకు."

నేను ఉండబట్టలేకపోయాను. "తెలిసి కూడా నన్నెందుకు పిలిపించారు?"

"ఈ పిల్ల చెయ్యలేదని తెలుసు కాబట్టి. ఇంకెవరు చేశారో నా నోటితో చెప్పలేను కాబట్టి. ముప్ఫై ఏళ్ళ కాపురం మేడమ్. వాసన రాలేదన్న ఒక్క ముక్క పట్టుకుని మొగుణ్ణి హంతకుడని ఎలా అనను? కాదని మీరు చెబుతారేమోనని కూడా ఆశపడ్డాను."

మెట్ల మీద అడుగులు వినిపించాయి. బరువుగా, తీరిగ్గా, సొంత ఇంట్లో మనిషి వేసే అడుగులు. "ఏమోయ్, ఇంతసేపు ఏం చేస్తున్నారు పైన?" అన్న గొంతు తలుపు అవతలి దాకా వచ్చింది. తలుపు దగ్గరగా లాగి ఉందే తప్ప గడియ లేదు. ఇన్‌స్పెక్టరు మాకు సైగ చేసి తలుపు పక్కకి జరిగాడు.

పెద్దకోడలు ఆయన సైగ చూసుకోలేదు. చూసినా లెక్కచెయ్యలేదేమో.

"నిజం చెప్పేశానండీ," అంది తలుపు వైపు తిరిగి, కాఫీ పెట్టానని చెప్పినంత మామూలుగా.

తర్వాత బయట గడియ పడింది. అడుగులు ఈసారి పరుగున కిందికి దిగిపోయాయి. ఇన్‌స్పెక్టరు భుజంతో తలుపుని గుద్దాడు, అది కదల్లేదు. స్నానాలగది వెనక తలుపుకి బయట తాళం ఉంది. ఫోన్ తీసి స్టేషన్‌కి అరుస్తున్నాడు, మనుషుల్ని పంపండి, రోడ్లు మూసెయ్యండి అని.

"ఏ రోడ్డని మూస్తారు?" అంది పెద్దకోడలు.

ఆమె మంచం చివర కూర్చుంది. చిన్నకోడలి చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. మొహం పాలిపోయింది గానీ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఎక్కడికి పోతారో నాకు తెలుసు," అంది. "అడగండి. ఈసారి అబద్ధం చెప్పను."